కోలారు గాలి కొలిచిన వారం

మీకు ఆయాసం లేకపోతే నేను రాసేది కాస్త అతిగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి. ముప్పై ఏళ్లు అవనిగడ్డలో డ్రిల్లు టీచరుగా చేశాను. ఈల ఊదడం నా ఉద్యోగం, ఊపిరాడకపోవడం నా జబ్బు. పిల్లల్ని మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తమని, నేను మాత్రం కుర్చీలో కూర్చుని రొప్పేదాన్ని. జూన్ నెలాఖరులో మా వైపు గాలి పీల్చినట్టు ఉండదు, తాగినట్టు ఉంటుంది.

"పొడిగాలి ఉన్న ఊళ్లో ఒక వారం ఉండి చూడండి, రోజూ ఊది అంకె రాసుకోండి," అని మా డాక్టరు ఊపిరి కొలిచే గొట్టం ఒకటి చేతికిచ్చాడు. జానెడు ప్లాస్టిక్ గొట్టం, పక్కన అంకెలు, ఒక ఎర్రముల్లు. గుండెల నిండా గాలి తీసుకుని ఒక్కసారి గట్టిగా ఊదితే ముల్లు పైకి జరుగుతుంది. ఎంత పైకి పోతే ఊపిరితిత్తులు అంత బాగున్నట్టు. మా ఇంట్లో నేను ఊదితే రెండువందల నలభై దాటేది కాదు.

పొడిగాలి ఊరంటే నాకు గుర్తొచ్చింది వరలక్ష్మి. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, అక్కడి ఊరిగాంలో తనూ డ్రిల్లు టీచరే. ఇరవై ఏళ్ల క్రితం బడిపిల్లల ఖోఖో పోటీల్లో రెండు జట్ల తరఫున పోట్లాడుకుని స్నేహితులమయ్యాం. ఫోను చేసి గాలి ఎలా ఉందని అడిగాను. "గాలికేమక్కా, కావలసినంత ఉండాది, వచ్చి తీసుకోని పో," అంది.

బంగారుపేట దాటాక

బంగారుపేట నుంచి ఊరిగాం వెళ్లే చిన్న రైలెక్కిన పావుగంటకు ఏదో లోపించినట్టు అనిపించింది. సంచి ఉంది. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. చివరికి తెలిసింది, లోపించింది నా ఛాతీలోని పిల్లికూత. ఏళ్ల తరబడి నాతో కాపురం చేసిన కూత చెప్పాపెట్టకుండా దిగిపోయింది. మూడువేల అడుగులకు కాస్త తక్కువ ఎత్తు, ఒంటికి అంటుకోని గాలి. గొట్టం తీసి ఊదాను. మూడువందల పది.

ఎదుటి సీటులో వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ నన్నే చూస్తోంది.

"ఏందమ్మా అది, పిల్లనగ్రోవా? పాట రాలేదే," అంది.

సంగతి చెప్పాను. తనకూ కావాలంది. గొట్టం మూతి స్పిరిట్‌తో తుడిచి ఇచ్చాను. ఆవిడ బుగ్గలు పూరించి టుప్పున ఊదింది. నాలుగువందల పది. నేను నోరు తెరిచాను. పది రూపాయల పొట్లం చేతిలో పెట్టి డబ్బులు వద్దంది, ఓడిపోయినవాళ్లకు ఊరికే ఇస్తుందట.

కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. ఊరిగాం స్టేషన్‌లో దిగేలోపు ఆ పెట్టెలో ఏడుగురి చేత ఊదించాను. అందరివీ నాకంటే ఎక్కువే. ఈ గాలి పీల్చేవాళ్లకు ఊపిరితిత్తులు కొలిమితిత్తుల్లా ఉంటాయని నోటుపుస్తకంలో రాసుకున్నాను. అడ్డగీత గీసి, కింద పేర్లూ అంకెలూ కూడా.

ఊరిగాం: గుట్ట లేచింది

వరలక్ష్మి ఉండేది గని కంపెనీ కాలంనాటి లైన్లలో. ఒకదాన్నొకటి ఆనుకున్న చిన్న ఇళ్లు, రేకుల కప్పు, ముందు ఒక అరుగు. వాళ్ల తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో కూలికి వచ్చాడు, నాన్న మునివెంకటప్పగారు గని మూసేదాకా కింద పనిచేశారు. భర్త బూదికోటలో పట్టుపురుగులు పెంచుతాడు. వారానికి ఐదు రోజులు బడి, నాన్న. రెండు రోజులు మొగుడు, పురుగులు అని వరలక్ష్మి తన టైంటేబులు చెప్పింది. ఈ వారం మాత్రం నాకోసం, నాన్న పరీక్ష కోసం బడికి సెలవు పెట్టిందట.

రాగిముద్ద, బస్సారు పెట్టింది. అనపగింజలు, ఆకుకూర ఉడికించిన నీళ్లతో కాచే చారు అది. ముద్దను నమలకూడదు, మింగాలి. నేను నమిలాను. మునివెంకటప్పగారు నన్ను జాలిగా చూసి, "టీచరమ్మా, మీ ఊర్లో పండ్లు గట్టిగా ఉంటాయే," అన్నారు. డెబ్బై ఎనిమిదేళ్లు, ఎండిన చింతబరికెలా ఉన్నారు, మాట మధ్యలో ఒకసారి ఆగి గాలి తీసుకుంటారు.

ఆ ఆగడమే వరలక్ష్మి దిగులు. వంటింట్లోకి పిలిచి చెప్పింది. ఆర్నెల్లుగా ఎదురు వీధి టీకొట్టుకు పోవాలన్నా రెండుసార్లు నిలబడుతున్నారట. గని రాతిదుమ్ము ఎన్నేళ్లు మింగారో. బతిమాలగా బతిమాలగా కోలారు ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్షకు ఒప్పుకున్నారు. శుక్రవారం పొద్దున రమ్మన్నారు. అది తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో, అప్పటికి ఆయన ఒప్పుకుంటారో లేదో తెలియదు.

మర్నాడు మంగళవారం పొద్దున అరుగు మీద నేను నా గొట్టంతో కూర్చున్నాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. మా బడి పద్ధతిలో మూడు అవకాశాలు ఇచ్చి, మంచిది లెక్కలోకి తీసుకుంటానన్నాను. మొదటిసారి ఊదారు, నూటయాభై వచ్చింది, దగ్గు పట్టుకుంది.

"అది ప్రాక్టీసు బాబాయ్‌గారూ, లెక్కలోకి రాదు," అన్నాను.

రెండోసారి మూడువందల ఎనభై. మూడోసారి నాలుగువందల ఇరవై. నేను చప్పట్లు కొట్టాను. చప్పట్లతో ఊరుకుంటే బాగుండేది. "మీవి పాతికేళ్ల కుర్రాడి ఊపిరితిత్తులు," అని కూడా అన్నాను.

"వింటివా పాపా? టీచరమ్మ చెప్పినాది. ఇంగ శుక్రవారం యాడికీ పోయేది లే," అన్నారు కూతురితో.

వరలక్ష్మి నా వంక చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది. తర్వాత లోపల, "ఏమక్కా, రెండుసార్లు నిలబడే మనిషికి నాలుగువందల ఇరవై ఎట్ల వస్తాది?" అని అడిగింది. పరికరం అబద్ధమాడదన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మధ్యాహ్నం మూడింటికి లైను చివరి నుంచి ఎవరో అరిచారు, "గుట్ట లేసినాది." ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఆ మాట పాకింది. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, బంగారం తీసేసుకుని పారబోసిన పొడి అక్కడ గుట్టలుగా ఉంది. సైనైడు గుట్టలంటారు. ఆషాఢం గాలికి దాని మీది మెత్తటి పొడి లేస్తుంది. అంతే, ఆడవాళ్లు దండెం మీది బట్టలు లాగారు, బిందెల మీద మూతలు పడ్డాయి, ప్రతి కిటికీకీ తడిపిన పాతచీర వేలాడింది. మా వైపు తుఫాను హెచ్చరికకు కూడా ఇంత క్రమశిక్షణ చూడలేదు. ఈల వేయాలనిపించింది.

మునివెంకటప్పగారు ఆ చీరను కిటికీకి కట్టిన తీరు చూడాలి. నాలుగు మూలలా నాలుగు మేకులు, ఒక్క సందు లేదు. "నేను పుట్టినప్పట్నించీ ఈ కిటికీకి చీర కడతానే ఉండాము," అన్నారు గర్వంగా. సాయంత్రం నేను ఊదితే రెండువందల అరవై. రైల్లో సంపాదించిందంతా గుట్ట తినేసింది.

రాయల్పాడు: ఈరమ్మగారి రికార్డు

బుధవారం నన్ను ఉల్లాసపరచడానికి వరలక్ష్మి మేనత్త ఊరికి తీసుకెళ్లింది. అక్కడి బస్సులో ఆ రాష్ట్రం ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆమెకు టికెట్టు లేదు, నాకు ఉంది. మా రాష్ట్రంలో అయితే నాకు లేదు, ఆమెకు ఉంటుంది. రాయల్పాడు రెండు రాష్ట్రాల అంచున ఉంది కాబట్టి ఇద్దరం చెరో వైపు నిలబడితే సమస్య తీరుతుందని కండక్టరుకు చెప్పాను. ఆయన నవ్వకుండా చిల్లర ఇచ్చాడు.

ఎటు చూసినా మామిడి. రోడ్డు పక్కన తోతాపురి కాయలు గుట్టలు పోసి ఉన్నాయి, కిలో ఆరు రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకు కాయ వాసన చూడనిస్తారు. రైతుల ముఖాల్లో మాత్రం సంతోషం లేదు, ఆ ధరకు కోతకూలి కూడా రాదట. తినేవాడి పండగ, పండించేవాడి మొహం చూస్తూ చేసుకోవడం కష్టమే. అయినా నాలుగు తిన్నాను.

మేనత్త ఈరమ్మగారు మునివెంకటప్పగారికి అక్క. ఎనభై దాటాయి. నా గొట్టం సంగతి తెలిసి వాకిట్లో పదిమంది ఆడవాళ్లు చేరారు. చెట్ల మధ్య ఊరు, దుమ్ము గుట్టలు లేవు, నా అంకె మూడువందల ముప్పై. ఎగిరి గంతేశాను. తర్వాత వాళ్లు మొదలుపెట్టారు. నాలుగువందలు, నాలుగువందల ముప్పై. ఈరమ్మగారు బొడ్లో తమలపాకుల సంచి సర్దుకుని, బుగ్గలు పూరించి, ఒక్క ఊపు. నాలుగువందల అరవై.

"మా తమ్ముడిది ఎంత వచ్చె?" అని అడిగింది.

నాలుగువందల ఇరవై అన్నాను.

"నాకంటే నలభై తక్కువ. చిన్నప్పుడూ అంతే వాడు," అంది తృప్తిగా.

నేను కూడా వాళ్లతో పోటీపడి పదకొండుసార్లు ఊదాను. కళ్లు తిరిగి అరుగు మీద కూలబడ్డాను. తల తిరుగుతున్నా నవ్వు ఆగలేదు. ఒకావిడ మజ్జిగ తాగించింది, ఇంకొకావిడ దిష్టి తీసింది. దిష్టి తీసిన మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఆ ఘాటుకు మళ్లీ దగ్గు వచ్చింది. దిష్టి ఎక్కువగా ఉంది కాబట్టే అంత దగ్గు అని తేల్చారు.

బూదికోట: పాపమ్మ పొయ్యి

గురువారం బూదికోట. పాత కోట ఉన్న ఊరు, కాని నాకు చూపించిన మొదటి అద్భుతం పట్టుపురుగుల కొట్టం. వేల పురుగులు మల్బరీ ఆకు తింటుంటే చిన్న వాన కురుస్తున్న చప్పుడు. పురుగులు పొర విడిచే వేళ వాటి మీద సున్నప్పొడి చల్లుతారు. వరలక్ష్మి తోటికోడలు పాపమ్మ జల్లెడ పట్టుకుని ఎంతో ప్రేమగా చల్లుతోంది. పది నిమిషాల్లో నా ఛాతీలోకి పాత పిల్లి తిరిగొచ్చింది. బయటికొచ్చి ఊదితే రెండువందల ఇరవై. ఒక్క జిల్లా, నాలుగు రోజులు, నాలుగు రకాల గాలి. ఎక్కడ ఉన్నావన్న దాన్ని బట్టి నీ ఊపిరి అని నా పుస్తకం చెబుతోంది. వీళ్లు మాత్రం ఎక్కడ ఊదినా నాలుగువందలేనా, అని మొదటిసారి అనుమానం తగిలింది.

పాపమ్మ నాకు ఉడుకునీళ్లు పెడతానని పొయ్యి ముందు కూర్చుంది. వంటకు గ్యాసే, నీళ్లకు మాత్రం కట్టెలు. తడికట్టెలు అంటుకోవడం లేదు. మూల నుంచి ఊదుగొట్టం తీసింది, బుగ్గలు పూరించింది, టుప్పున ఊదింది. మంట లేచింది.

నేను లేచి నిలబడ్డాను. అవే బుగ్గలు. రైల్లో వేరుశనక్కాయల ఆవిడ బుగ్గలు, ఈరమ్మగారి బుగ్గలు.

"పాపమ్మా, ఒకసారి దీన్ని ఊదు."

ఊదింది. నాలుగువందల నలభై.

"ఇప్పుడు బుగ్గలు ఉబ్బించకుండా, ఛాతీలోంచి, నోరు బిగించి ఊదు."

"అట్ల ఊదితే మంట రాదు కదక్కా," అంది.

"మంట వద్దు, గాలి చాలు."

ఊదింది. రెండువందల ముప్పై. నలభై ఏళ్ల మనిషి, ఏ రోజూ బీడీ ముట్టలేదు, రోజుకు రెండు పూటలు ఆ పొగలో కూర్చుంటుంది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నోట్లో పెట్టుకున్న గొట్టం ఊదుగొట్టమే అయినవాళ్లు, ఏ గొట్టం ఇచ్చినా అలాగే ఊదుతారు. నేను నాలుగు రోజులుగా కోలారు జిల్లా బుగ్గలు కొలిచాను. ముప్పై ఏళ్లు పిల్లలకు ఊపిరి తీసి వదలడం నేర్పిన దాన్ని. సిగ్గుతో నవ్వొచ్చింది, మరుక్షణం నవ్వు ఆగిపోయింది. మునివెంకటప్పగారు. రేపు శుక్రవారం.

వరలక్ష్మికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొట్టంలోంచి నడుస్తూనే చెప్పులేసుకుని, "బేగ రా అక్కా, నాలుగున్నర బస్సు ఉండాది," అంది. నీళ్లు పొయ్యి మీదే కాగుతూ ఉండిపోయాయి.

మళ్లీ ఊరిగాం

మునివెంకటప్పగారు అరుగు మీద కూర్చుని కిటికీ పాతచీర చిల్లులు కుట్టుకుంటున్నారు. బస్సులో వల్లించుకున్నదంతా మర్చిపోయి నేరుగా చెప్పాను.

"బాబాయ్‌గారూ, మంగళవారం నేను తప్పు చెప్పాను. ఆ అంకె మీ బుగ్గలది. ఊపిరితిత్తులది కాదు."

సూది ఆపలేదు ఆయన. "నాకు తెల్సు," అన్నారు.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. మొదటిసారి రొమ్ములోంచి ఊదితి, నూటయాభై వచ్చె. మీరు ప్రాక్టీసంటిరి. షిఫ్టు దిగి వస్తే నీళ్లపొయ్యి ఊదేది నేనే. అట్ల ఊదితే ముల్లు యాడికి పోతాదో చూస్తామని ఊదితి. పోయినాది."

"ఎందుకు నాయనా?" అని వరలక్ష్మి ఆయన పక్కన కూర్చుంది.

ఆయన చాలాసేపు గాలి తీసుకున్నారు. "గనిలో ఉన్నప్పుడు రొమ్ముకు ఫోటో అంటేనే భయం పాపా. మచ్చ కనపడితే కిందికి పంపరని. పైన పనికి కూలి తక్కువ. ఇప్పుడు నన్ను దించేదానికి షాఫ్టు లేదు, నిజమే. అయితే ఈ ఇంట్లోంచి తీసేస్తారు. ఆ దుమ్ములో ఉండొద్దంటాడు డాక్టరు, నువ్వు బూదికోటకు తీసుకోని పోతావు. నేను ఈ ఇంట్లో పుట్టినాను."

వరలక్ష్మి ఆయన ఒళ్లోని చీర కొస సరిచేసింది. కాదంటే అబద్ధమవుతుంది, ఆమె మనసులో ఉన్నది అదే. డ్రిల్లు టీచరుకు మైదానంలో ఏడ్చే అలవాటు లేదు.

"మీరు యూనియన్‌లో ఉన్నారటగా, వరలక్ష్మి చెప్పింది. చేతిలో లెక్క లేకుండా ఎప్పుడైనా బేరానికి పోయారా?" అన్నాను.

"లే."

"రేపు కూడా అంతే. ముందు అసలైన అంకె తెచ్చుకుందాం. తర్వాత డాక్టరుతో బేరమాడండి. మేము మీ వెనకాల నిలబడతాం."

సూది చీరలో గుచ్చి పెట్టి, "ఎన్ని గంటలకు బస్సు?" అని అడిగారు.

కోలారు

పరీక్ష గదిలో పెద్ద గొట్టం, దానికో కంప్యూటరు. ఊదించే అమ్మాయి కన్నడంలో, "ఊదిరి, ఊదిరి, ఇన్నూ ఊదిరి," అని అరుస్తోంది. ఊదడానికి కన్నడం, తెలుగు ఒకటేనని నాకు పరమానందమైంది. నేనూ అందుకున్నాను. వరలక్ష్మి కూడా. ఇద్దరు డ్రిల్లు టీచర్లు కలిసి అరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పక్కగదిలోంచి మనుషులు వచ్చి చూశారు. ఆయన బుగ్గలు ఉబ్బించలేదు. కళ్లు మూసుకుని, భుజాలు ముందుకు వంచి, ఆఖరి బొట్టు దాకా వదిలారు. మూడుసార్లు. మూడుసార్లూ దగ్గారు, మూడుసార్లూ మళ్లీ గొట్టం అందుకున్నారు.

డాక్టరు ఎక్స్‌రే కాగితం వెలుతురుకు పెట్టి చూసి దాచకుండా చెప్పాడు. లోపల చేరిన పాత రాతిదుమ్ము పోదు. కొత్తది చేరకుండా చూసుకోవచ్చు. పీల్చే మందు వాడాలి. గుట్ట పక్కన ఉండకూడదు.

"గాలి నెలలు ఎన్ని సార్? ఆషాఢం, శ్రావణం, భాద్రపదం సగం. మిగతా దినాలు ఆ గుట్ట నిద్రపోతాది," అన్నారు మునివెంకటప్పగారు, బల్ల మీదికి వంగి.

డాక్టరు ఆలోచించాడు. సరే, ఆ నెలలు మాత్రం వేరే చోట ఉండాలన్నాడు. వరలక్ష్మి బూదికోట పేరెత్తితే, పట్టుపురుగుల ఇంట్లో మాత్రం వద్దన్నాడు. మునివెంకటప్పగారు కూతురి వంక తిరిగి చూసిన చూపులో పాతిక సమ్మెల గెలుపు ఉంది.

"పొగ లేని ఇల్లయితే ఎక్కడైనా సరే," అన్నాడు డాక్టరు.

"అది రాసీండి సార్. మిగతా నెలలు నా ఇంట్లో ఉండొచ్చు అనేది కూడా రాసీండి. ఈ యమ్మ చదివినమ్మ, నోటిమాట నమ్మదు."

రాసిచ్చాడు. వసారాలోంచి వరలక్ష్మి రాయల్పాడుకు ఫోను చేసి అంతా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, ఈరమ్మగారి గొంతు ఫోను బయటికి వినిపించింది. "పొయ్యి పీకి ఆవుల కొట్టం అవతల వేయిస్తా. నా తమ్ముణ్ణి సాయంత్రం బస్సుకు ఎక్కించండి." అరవై ఏళ్లుగా ఆ మూల ఉన్న పొయ్యి. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఇంటికొచ్చాక

బాబాయ్‌గారిని దింపడానికి వెళ్లి, నా గొట్టం రాయల్పాడులో ఆయనకే వదిలి వచ్చాను. ఎలా ఊదాలో ఊరందరికీ వాకిట్లో వరుసగా నిలబెట్టి నేర్పాను, బుగ్గలు ఉబ్బించినవాళ్లను పక్కకు నిలబెట్టాను. ఈరమ్మగారు మూడుసార్లు పక్కకు వెళ్లింది. నేను ఇక్కడ కొత్తది కొనుక్కున్నాను. మళ్లీ రెండువందల నలభై. పరవాలేదు, పైకి పోవడం నా ఊపిరితిత్తులకు వచ్చునని ఇప్పుడు నాకు తెలుసు. చలికాలంలో మళ్లీ వెళ్తాను.

రోజూ పొద్దున ఆరున్నరకు మునివెంకటప్పగారు ఫోను చేసి అంకె చెబుతారు. మొదటి రోజు నూటఅరవై. తర్వాత నూటఎనభై, రెండువందలు. నిన్న రెండువందల పది, మామిడిపండు తిన్నందుకేనని ఆయన వాదన. ఫోను పెట్టేశాక నాకు ప్రతిసారీ ఒక చిన్న దిగులు ఉండేది. అంకె రోజూ పెరుగుతోంది, తప్పు పట్టేవాళ్లెవరూ పక్కన లేరు, బుగ్గలు ఆయనవే.

ఈరోజు ఫోను ఎత్తగానే, "నూటతొంభై, టీచరమ్మా. రాత్రి దగ్గు వచ్చె. వరలక్ష్మికీ చెప్తి," అన్నారు.

మందు రెండుసార్లు పీల్చమని, డాక్టరుకు ఫోను చేయమని చెప్పాను. పుస్తకం తీసి నూటతొంభై అని రాసి, పక్కన పెద్ద టిక్కు పెట్టాను.